ఒంటిపేట

జూన్ 3

మామయ్యగారికి,

మీ చెవులకు ఫోను పనికిరాదు. మా ఇంట్లో ఫోను మోగితే నాకంటే ముందు అత్తయ్య తీస్తారు. అందుకని కాగితం మీద పలకరిస్తున్నాను. జవాబు మాత్రం ఇంటికి రాయకండి, కవరు వెనక రాసిన, నేను పనిచేసే కుట్టుషాపు చిరునామాకి రాయండి. మా యజమానురాలికి కుతూహలం ఎక్కువే గానీ, ఇంకొకరి కవరు చింపే మనిషి కాదు.

పోయిన ఏడాది పడవ మునిగి మీ అబ్బాయి పోయాక అత్తయ్య నాతో వచ్చేసినప్పుడు బట్టలు కూడా సరిగా సర్దుకోలేదు. నాలుగు కోడిపెట్టల్ని మాత్రం బుట్టలో వేసుకుని, బస్సులో దారంతా ఒళ్ళో పెట్టుకు కూర్చున్నారు. ఇప్పుడు అవే ఇక్కడ మా సమస్య. గయ్యాళి, దొరసాని, నత్తిది, చుక్కలది. గయ్యాళి తప్ప మిగతా మూడూ పొద్దుగూకితే బుద్ధిగా స్నానాల గదిలో దూరతాయి. ఇంటి ఓనరమ్మ వచ్చి, మనుషులు స్నానం చేసేదెక్కడ అని మొన్న గట్టిగానే అడిగింది. వానలు దగ్గర పడ్డాయి. పెరట్లో గూడు కట్టక తప్పదు.

పాత పెట్టెల చెక్కలు కలప డిపోలో చవగ్గా దొరికాయి. వడ్రంగిని పిలిచే స్తోమత లేదు. పడవలు కట్టిన చెయ్యి మీది, కోళ్ళగూడు మీకో లెక్కా? ఎలా కట్టాలో రాయండి. మీరు చెప్పారని అత్తయ్యకి తెలియకూడదు. తెలిస్తే గూడు పొయ్యిలోకి పోతుంది. ఆవిడ ఇప్పటికీ మీ మాట ఎత్తరు. నేను ఎత్తితే లేచి పెరట్లోకి వెళ్ళిపోతారు. తిండి తగ్గింది, మాట తగ్గింది. ఆ కోళ్ళతో మాత్రం పొద్దస్తమానం ఏదో ఒకటి అంటూనే ఉంటారు. వాటికి ఏమన్నా అయితే ఈ మనిషిని నేను నిలబెట్టలేను మామయ్యా. అందుకే అడుగుతున్నాను.

మీ కోడలు


జూన్ 11

అమ్మాయీ,

నీ ఉత్తరం పోస్టుమాన్ చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. కరెంటు బిల్లు తప్ప నా పేరున ఇంకొకటి రావడం చూసి అతనూ ఆశ్చర్యపోయాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ కోళ్ళగూడు కట్టి చూడు అని ఎవరూ అనలేదు. ఆ రెండిటికంటే ఇదే కష్టం, ఎందుకంటే లోపల ఉండేవాళ్ళు నోరు విప్పి చెప్పరు. జాగ్రత్తగా చదువు. గూడు నేల మీద పెట్టకు. నాలుగు మూలలా ఇటుకలు పేర్చి వాటి మీద నిలబెట్టు. కప్పుకి రేకు వేసి, వెనక్కి వాలు ఇవ్వు. రేకు అంచు గోడ దాటి జానెడు బయటికి రావాలి. లోపల వాలడానికి ఒక కర్ర, కింద రంపపు పొట్టు.

ఇక అసలు పని. పలకకీ పలకకీ మధ్య సందు నీ కంటికి చిన్నదే. నీళ్ళకి అది సింహద్వారం. నూలు పోగులు పురిపెట్టి పేట చెయ్యి. అలాంటివి రెండు కలిపి మళ్ళీ పేనితే జంటపేట అవుతుంది. దాన్ని సందులో పెట్టి, మొండి ఉలి ఆనించి, కొయ్యసుత్తితో మెల్లగా తట్టుకుంటూ లోపలికి దించు. పైన తారు పూయి. ఒక్క సందు కూడా వదలకు. ఒక్క చుక్క కూడా లోపలికి పోకూడదు.

ఈ పేటల పని మీ అత్తకి నాకంటే బాగా వచ్చు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మన షెడ్డులో పేటలన్నీ పేనింది ఆవిడే. ఆవిణ్ణి అడగలేవు గనక నన్నే అడుగు.

పడవ కొట్టుకొచ్చిన రోజు తర్వాత నేను షెడ్డు తాళం తియ్యలేదు. నీకు కొలతలు రాద్దామని ఇవాళ తీశాను. ఎలకలు నా కొయ్యసుత్తి పిడి కొరికిపెట్టాయి. కూర్చుని దాన్ని సరిచేసుకున్నాను. చాలా రోజులకి చేతికి పని తగిలింది.

ఆవిడ మోకాలి నొప్పి ఎలా ఉంది? నేను అడిగానని చెప్పకు.

మామయ్య


జూన్ 20

మామయ్యగారికి,

గూడు లేచింది! ఎడమ చేతి బొటనవేలు గోరు పోయింది, అది వేరే సంగతి. సుత్తి మేకుని తప్ప అన్నిటినీ కొట్టింది. మా యజమానురాలు నా కట్టు చూసి, మీ ఉత్తరం కవరు చూసి, ఎవరి కోసమో నేను పరధ్యానంలో పడ్డానని నిర్ధారణకొచ్చింది. మా మామగారండీ అంటే ముసిముసి నవ్వులు నవ్వుతోంది.

మీరు చెప్పినట్టే ఇటుకలు, వాలు, రేకు, కర్ర. మూడు గోడలకి జంటపేట వేశాను. నాలుగోది, వంటగది వైపు గోడ, దానికి మీ అబ్బాయి పద్ధతిలో ఒంటిపేట వేశాను. పెళ్ళైన కొత్తలో మా బట్టలుతికే చెక్కతొట్టి కారుతుంటే ఆయనే కూర్చుని బాగుచేసి చూపించారు. ఒక్క పేటే, కానీ గట్టిగా పురి పెట్టి, టకటకా దించేశారు. సగం పొద్దులో అయిపోయింది. జంటపేట నాన్న చాదస్తం, ఒంటిపేట చాలు అని కన్ను గీటారు. ఆ గోడ దగ్గర పనిచేస్తున్నంతసేపూ ఆయన నా పక్కనే కూర్చుని తొందర పెడుతున్నట్టే అనిపించింది. ఏడ్చాను, కానీ అది మంచి ఏడుపే.

అత్తయ్యకి డిపో వడ్రంగి నేర్పాడని చెప్పాను. సాయంత్రం ఆవిడ వచ్చి గూడు ముందు పీట వేసుకు కూర్చున్నారు. ముందు గోడ అతుకు మీద ఈ చివర్నుంచి ఆ చివరికి వేలు జరిపి చూశారు. బాగుందా అత్తయ్యా అని అడిగాను. లేచి లోపలికెళ్ళిపోయారు. కానీ కోళ్ళని ఆవిడే స్వయంగా గూట్లోకి ఎక్కించారు. మోకాలు నొప్పి చలిగాలికి ఎక్కువవుతోంది. నేను చెప్పలేదు లెండి.

మీ కోడలు


జూన్ 28

అమ్మాయీ,

వంటగది వైపు గోడ విప్పేయి. ఆ ఒంటిపేట పీకి పారేసి జంటపేట వెయ్యి. ఒంటిపేట ఎండలో బిగిసినట్టే ఉంటుంది. నీళ్ళు తాగాక జారి బయటికొచ్చేస్తుంది. జంటపేట నీళ్ళు తాగే కొద్దీ ఉబ్బి సందుని పట్టుకుంటుంది. నా చేతి కింద జంటపేట తప్ప ఇంకొకటి ఏనాడూ వెళ్ళలేదు. తొట్టి వేరు, వాన వేరు.

వాడు నీకు ఒంటిపేట చూపించాడన్న మాట మీ అత్త దగ్గర పొరపాటున కూడా అనకు. ఎవరి దగ్గరా అనకు. ఈ ఒక్క మాట నా కోసం పాటించు. వెంటనే విప్పు. విప్పానని రాస్తే గానీ నాకు నిద్ర పట్టదు.

మామయ్య


జూలై 8

మామయ్యగారికి,

మీ ఉత్తరం షాపులో మిషను ముందు కూర్చుని చదివాను. చదివాక ఒక కాలరు తల్లకిందులుగా కుట్టాను.

మనిషి పోయి ఏడాది దాటింది. ఇంకా ఆయన పనికి వంకలు పెడుతున్నారా? బతికుండగా ఎలాగూ కోడిగుడ్డుకి ఈకలు పీకేవారు. ఈ పలక వంకర, ఆ మేకు పక్కకి పోయింది అని. ఆయన ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పేవారు, కానీ ఆ నవ్వు నాకు తెలుసు. ఆయన నేర్పింది నా దగ్గర మిగిలింది ఇదొక్కటే. అదీ పీకి పారేయమంటారు. ఎవరి దగ్గరా చెప్పొద్దంటారు, అదేదో సిగ్గుపడే విషయమైనట్టు.

ఒక మాట అంటాను, తప్పయితే నన్ను కొట్టండి. పడవ అడుగు అతుకు నేనే వేశాను, తప్పు నాదే అని మీ నోటితో మీరే అందరి ముందూ చెప్పారు. అది మీ జంటపేటే కదా మామయ్యా. అది నిలిచిందా?

నేను ఆ గోడ విప్పలేదు. విప్పను.

ఇక్కడ వాన పట్టుకుంది. గూడు బయట బాగానే ఉంది గానీ లోపల తడి తడిగా ఉంటోంది. పొద్దున్నే తలుపు తీస్తే రేకు కింద చుక్కలు వేలాడుతున్నాయి, పొట్టు ముద్దయిపోతోంది. ఎందుకో తెలియడం లేదు. అత్తయ్య కంగారు పడుతున్నారు. దీనికి మాత్రం జవాబు రాయండి.

కోడలు


జూలై 15

అమ్మాయీ,

నిజమే తల్లీ. అది నిలవలేదు. నువ్వన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ గోడ అలాగే ఉంచుకో, ఇక నేను దాని ఊసెత్తను.

లోపల తడి ఉందంటే ఎక్కడో సందు మిగిలిందన్నమాట. వెతుకు. పగలు తలుపు మూసుకుని లోపల కూర్చో, వెలుతురు ఎక్కణ్ణించి వస్తే అదే సందు. రేకుకీ గోడకీ మధ్య చుట్టూ ఖాళీ ఉంటుంది, అక్కడ గోనెగుడ్డ తారులో ముంచి గట్టిగా కూరు. తలుపు అంచులకి పాత సైకిలు ట్యూబు కోసి మేకులు కొట్టు. బయట మళ్ళీ ఒక పూత తారు. లోపల చీకటిగా ఉండాలి. చీకటిగా ఉందంటే నీళ్ళు రావని అర్థం. రాత్రి తలుపు గట్టిగా బిగించు.

ఈసారి ఒక్క చుక్క కూడా పోకూడదు తల్లీ. ఆవిడ దగ్గర మిగిలినవి ఆ నాలుగే.

రోజూ షెడ్డులో కూర్చుంటున్నాను. చిన్న పీట ఒకటి చేశాను, మోకాళ్ళు నొప్పిగా ఉన్నవాళ్ళు గూడు ముందు కూర్చోవడానికి వీలైన ఎత్తులో. ఎవరి చేతనైనా పంపుతాను. డిపో వడ్రంగి ఇచ్చాడని చెప్పు.

మామయ్య


జూలై 27

మామయ్యా,

ఎలా రాయాలో తెలియడం లేదు. రాయకుండా దాచి, కోళ్ళు కులాసా అని అబద్ధం ఆడదామనే అనుకున్నాను. చేతకాలేదు.

మీరు చెప్పినవన్నీ చేశాను. గోనెగుడ్డ, ట్యూబు, తారు. లోపల కూర్చుంటే నా చెయ్యి నాకు కనిపించలేదు. మీరు చెప్పిన చీకటి వచ్చిందని సంబరపడ్డాను. ఆ తర్వాత వాన తెరిపివ్వకుండా కురిసింది. తలుపు బిగించే ఉంచాం. వాన ఆగిన పొద్దున అత్తయ్యే వెళ్ళి తలుపు తీశారు. దొరసాని, నత్తిది, చుక్కలది, మూడూ పొట్టు మీద పడి ఉన్నాయి. లోపలి నుంచి వచ్చిన ఘాటుకి కళ్ళు మండిపోయాయి. గోడలకి చెమట పట్టినట్టు నీళ్ళు. ఒక్క చుక్క వాన లోపలికి రాలేదు మామయ్యా. వాటి ఊపిరే వాటిని ముంచేసింది.

అత్తయ్య ఏడవలేదు. మూడింటినీ ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుని రెక్కలు సర్దారు. "నీళ్ళు రాకుండా కట్టాడు, ఊపిరి పోకుండానూ కట్టాడు" అన్నారు. ఎవరు అత్తయ్యా అన్నాను. నా మొహంలోకి చూశారు. డిపో వడ్రంగి మాట ఆవిడ ఒక్కరోజు కూడా నమ్మలేదట. ముందు గోడ మీద వేలు జరిపిన సాయంత్రమే తెలిసిపోయిందట మీ పని అని. తెలిసి కూడా కోళ్ళని అందులోకి ఎక్కించారు. అది తలుచుకుంటే నాకు దుఃఖం ఆగడం లేదు.

గయ్యాళి బతికింది. వంటగది వైపు గోడ మూలన, ముక్కు సందుకి ఆనించి కూర్చుని ఉంది. ఆ గోడ అతుకులో పేట నీళ్ళకి జారి, తారుతో సహా ఊడి, మూరెడు పొడుగున బయటికి వేలాడుతోంది. ఆ సందులోంచి వచ్చిన గాలికే అది బతికింది.

అత్తయ్య ఆ వేలాడే పేటని పట్టుకుని మెల్లగా లాగారు. మొత్తం వచ్చేసింది. రెండు వేళ్ళ మధ్య నలిపి పురి విప్పి చూశారు. పక్క గోడలోది ఉలితో పెకలించి అదీ చూశారు. ఒక చేతిలో ఒంటిది, ఒక చేతిలో జంటది పెట్టుకుని రెండిటినీ నా ముందుకు చాపారు. తర్వాత అడిగారు, "ఈ ఒంటిది నీకెవరు నేర్పారు?"

నేను నోరు విప్పలేదు. మీరు అడిగిన ఆ ఒక్క మాట పాటించాను. కానీ నా మొహమే చెప్పేసి ఉంటుంది.

"పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పుడు అడుగున ఒక పేట వేలాడుతోంది. అదీ ఇలాగే ఒంటిది. అప్పుడు చూశాను. చూసి కూడా చూడలేదు" అన్నారు. లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇవాళ్టిదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టలేదు.

మామయ్యా, ఆ అడుగు అతుకు ఎవరు వేశారు? ఏడాదిగా మీరు ఎవరి తప్పు మోస్తున్నారు? నా పోయిన ఉత్తరంలో మాట తలుచుకుంటే ఈ చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది. మీరేమో దానికి నిజమే తల్లీ అని రాశారు.

మీరు రండి. నాకు ఇంకేమీ తెలియడం లేదు.

కోడలు


ఆగస్టు 4

అమ్మాయీ,

ఈ ఉత్తరం మీ అత్తకి చదివి వినిపించు. మధ్యలో ఆపకుండా చదువు.

కోళ్ళు పోవడం నా వల్లే. రేకు కింద చుక్కలున్నాయని నువ్వు రాసినప్పుడే నాకు తెలియాల్సింది, అది వాన కాదని. తట్టలేదు. పడవలో గాలికి కొదవ ఉండదు, పైనంతా ఆకాశమే. జీవితమంతా నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయా అని చూసినవాణ్ణి, లోపలున్న ప్రాణానికి ఏం కావాలో చూడలేకపోయాను. ఆవిడకి నేను కట్టి ఇచ్చిందల్లా ఇలాగే అవుతోంది.

పడవ సంగతి. అడుగు అతుకు వేసింది నేనే. ఆ ఏడు నూలు తక్కువ పడింది. కొనడానికి బద్ధకించి, ఒంటిపేట చాల్లే అనుకుని నేనే వేశాను. అబ్బాయి వద్దన్నాడు. జంటపేటే వేద్దాం నాన్నా అని రెండు మూడుసార్లు అన్నాడు. నేను వినలేదు. వాడు నీకు తొట్టి దగ్గర చూపించింది కూడా నేను నేర్పిందే. వాడి పనిలో ఏ వంకా లేదు. వాడికి చెయ్యి తిరిగినంతగా నాకే తిరగలేదు. పలక వంకర, మేకు వంకర అని నేను అన్నవన్నీ నా చాదస్తం.

నేను అక్కడికి రాను. ఏ మొహం పెట్టుకుని రాను? గయ్యాళికి వేరే గూడు దొరికేదాకా ఆ గోడ అలాగే ఉంచండి. ఆవిణ్ణి అన్నం తినమను. కోపం నా మీదైతే నన్ను తిట్టి తినమను. అలవాటే కదా.

ఇట్లు
ఆ పడవ కట్టినవాడు


ఆగస్టు 12

మామయ్యా,

మీ ఉత్తరం షాపులో చదవకుండా, చింపకుండా ఇంటికే తెచ్చాను. మీరు చెప్పినట్టే ఆపకుండా చదివాను. 

అత్తయ్య కళ్ళు మూసుకుని విన్నారు. అబ్బాయి వద్దన్నాడు అన్న దగ్గర మళ్ళీ చదవమన్నారు. చదివాను. ఇంకోసారి అన్నారు. మూడోసారి చదువుతుంటే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. ఆయన పోయిన రోజున కూడా ఆవిడ అలా ఏడవలేదు. ఆ రోజు మిమ్మల్ని తిట్టడానికే సరిపోయింది ఆవిడ ఊపిరంతా. ఇద్దరం గయ్యాళిని మధ్యలో పెట్టుకుని గడప మీద కూర్చుని, ఓనరమ్మ కంగారుపడి వచ్చి చూసేదాకా ఏడ్చాం. నాకు ఆయన మీద కోపం కూడా వచ్చింది మామయ్యా, మొట్టమొదటిసారి. అంత తొందర ఎందుకు, సగం పొద్దులో అయిపోవాల్సిన పనేముంది అని. ఆ తొందర చూసే నేను ఆయన్ని ఇష్టపడ్డాను. ఇప్పుడు ఆ కోపం ఎవరి మీద చూపించను?

కాసేపటికి అత్తయ్య మొహం తుడుచుకున్నారు. నూలు తక్కువ పడిందన్న ముక్క ఎక్కడుందో చూపించమన్నారు. చదువు రాకపోయినా ఆ అక్షరాల మీద వేలు పెట్టి, మన గోడ మీద జరిపినట్టే, ఈ చివర్నుంచి ఆ చివరికి జరిపారు.

"నూలెక్కడ తక్కువ పడింది? ఆ ఏడు నేను పేనిన జంటపేట ఉండలు షెడ్డు అటక మీద మూటలో ఉన్నాయి. కావాలంటే వెళ్ళి చూడమను. మూట ముడి కూడా విప్పి ఉండదు" అన్నారు.

 కాస్త అన్నం కలిపి ఇస్తే తిన్నారు. తింటూ, మీరు పంపిన పీట ఎక్కడని అడిగారు. బస్సు డ్రైవరు తెచ్చిచ్చినప్పటి నుంచి మంచం కింద దాచాను, ఆవిడ ఎప్పుడో చూసేశారన్నమాట. తీసి ఇచ్చాను. గూడు ముందు వేసుకుని కూర్చుని చూశారు. ఎత్తు సరిపోయింది.

ఇప్పుడు ఈ ఉత్తరం ఆవిడ పక్కనే కూర్చుని రాస్తున్నాను. మన మధ్య ఇక దాపరికం అక్కర్లేదు, జవాబు ఇంటికే రాయండి. అసలు రాయకండి, రండి. గూటికి పైన గాలి సందులు పెట్టాలట, వాన పడనిచోట, రేకు నీడన. ఆ పని మీరే చెయ్యాలట, ఉలి తెచ్చుకోమంటున్నారు. వంటగది వైపు గోడ మాత్రం ఎవరూ ముట్టుకోకూడదట.

ఇంకేమైనా రాయమంటారా అత్తయ్యా అని అడిగాను. గయ్యాళి వీపు నిమిరారు. తర్వాత అన్నారు,

"వాడు వద్దన్నాడన్నది నేను నమ్మానని రాయి."

మీ కోడలు